మొక్కు ఒకరిది, కాలు ఒకరిది

ఆ పసుపు దారం సూసినప్పుడు నా నోట్లోనుంచి వచ్చిన మొదటి మాట నలుగురిలో చెప్పేది కాదు. ఇంటి ముందర పంచలో మా ఆయన చెంగల్రాయుడు కూర్చోని ఉండాడు. కుడిచేతికి కంకణం, నడుముకు పసుపు పంచె, నుదుట ఇంత కుంకుమ. పక్కన మా అత్త అక్కమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకోని, కొడుకును పెండ్లిపీటల మీద కూర్చోబెట్టినట్టు మురిసిపోతా ఉండాది. నేను నగరిలో మరమగ్గాల కాడ పొద్దుగూకులూ కండెలు చుట్టి, బస్సు దొరక్క సగం దోవ నడిచి అప్పుడే వచ్చినా.

"ఎవురు కట్టినారు ఇది?" అన్నా.

"ఓబయ్య కట్టించినాడు మే. గుండం తొక్కేదానికి," అనింది మా అత్త.

మా ఊర్లో ధర్మరాజుల తిరునాళ్ళంటే పద్దెనిమిది దినాలు. పగలు భారతం చెప్తారు, రాత్రి నాటకాలు ఆడతారు. కడాకు మట్టితో చేసిన దుర్యోధనుణ్ణి పడగొట్టిన దినం మాపటికి గుడి ముందర నిప్పుల గుండం తొక్కుతారు. తొక్కేవాడు మొదటి దినమే కంకణం కట్టుకోవాల. కట్టుకున్నాక గుండం దాటేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. దాటితే వానికే కాదు, ఊరికంతా కీడంటారు. ఇదంతా నాకు తెలీదనా? నేనూ ఈ సీమలో పుట్టినదాన్నే, నేనూ ద్రౌపదమ్మకు పొంగలి పెట్టేదాన్నే. కానీ వచ్చే గురువారం మా ఆయన తిరుపతి ఆసుపత్రిలో ఉండాల. ఆయన కాలి ఎముకలో పెట్టిన పూసలు తీయించుకోవాల.

"గురువారం సంగతి మరిసిపోయినావా?" అని ఆయన్ని అడిగినా.

ఆయన తల పైకెత్తలా. "తిరునాళ్ళయినాక పోదాంలే."

పోదాంలే అంట! సంతకు పోయేది వాయిదా ఏసినట్టు చెప్తాడు. నా ఒళ్ళు భగ్గున మండింది. చేతిలో ఉండే అన్నం క్యారియరు గోడకేసి కొట్టినా. మూత ఊడి వీధిలోకి దొర్లింది. పక్కింటోళ్ళు బయటికొచ్చి సూస్తే సూడనీ అనుకున్నా.

ఆ కాలు సంగతి చెప్తేగానీ నా మంట మీకు అర్థం కాదు. రెండేండ్ల ముందర మగ్గాల షెడ్డులో పడుగు చుట్టిన ఇనప బీము జారి ఆయన ఎడమ కాలిమీద పడింది. మోకాలి కింద ఎముక ఇరిగి, చర్మం చీల్చుకోని బయటికొచ్చింది. పుత్తూరుకు ఎత్తుకోని పోతే ఆడ కట్లు కట్టే పెద్దాయన సూసి, "చర్మం తెగకుండా ఇరిగుంటే నేను కట్టేవాణ్ణి తల్లీ. ఇది తెగింది, మట్టి పడింది. బిన్నా, తడవు చేయకుండా ఆసుపత్రికి తీసకపోండి" అని మంచి మాట చెప్పినాడు. ఆ మాట ఇననిచ్చినారా? షెడ్డు మేస్త్రీ మా ఎమ్మటే వచ్చుండాడు గదా, "ఆసుపత్రికి పోతే పోలీసులొస్తారు, కేసులవుతాయి" అని బెదిరించి, తనకు తెలిసిన ఒక సూదులేసే కాంపౌండరు కాడికి తోలకపోయినాడు. ఆ మహానుభావుడు మట్టిని లోపలే పెట్టి పైన చక్కగా కుట్టేసినాడు. వాడి చేతులు పడిపోను!

ఎముక ఎట్లనో అతుక్కునింది గానీ లోపల చీము పట్టింది. కాలిమీద చిల్లు పడి అందులోనుంచి చీము కారేది. మాత్రలు మింగితే నాలుగు దినాలు ఆరేది, మళ్ళా కారేది. ఆ వాసన మాటల్లో చెప్పలేను. బస్సెక్కితే కండక్టరు ఎనక సీటుకు పొమ్మనేవాడు, ఆడా జనం కిటికీ కాడికి జరిగేవాళ్ళు. పెండ్లిండ్లకు పిలిచేది మానేసినారు. గుడి కాడికి పోతే ఓబయ్యే, అదే ఆ తిరునాళ్ళు జరిపించే పెద్దమనిషి, "రొంత దూరంగా కూర్చో చెంగల్రాయుడూ" అన్నాడు. ఆయన ఆ పొద్దునుంచి గుడికి పోలా. పంచలోనే పడుకునేవాడు, పంచలోనే తినేవాడు. గుడ్డలు మార్చింది నేను, ఉతికింది నేను. ఊళ్ళో ఒక్కరన్నా వచ్చి "ఎట్టుండాది అబ్బా" అని ఆయన పక్కన కూర్చున్నారా? తూ!

కడాకు తిరుపతిలో గంగాధరం అని ఎముకల డాక్టరు కాడికి చేరినాము. చిన్న వయసే, మాట కటువు. ఎక్స్‌రే ఫోటో తీసి సూసి, "ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చినారు?" అని తిట్టినాడు. తిట్టినా నాకు ఇష్టమే అయింది, రెండేండ్లలో ఆ కాలిని గురించి కోపం తెచ్చుకున్న మొదటి మొగోడు ఆయన.

"సూదిమందు రక్తంలో పోతుందమ్మా. చచ్చిన ఎముకలోకి రక్తం పోదు. ఇంక మందు ఎట్లా పోతుంది?" అన్నాడు. "అందుకే లోపల చచ్చిందంతా చెక్కేస్తా. ఎముకలకు వాడే సిమెంటు ఒకటుంది. దాంట్లో చీము పురుగును చంపే మందు పొడి కలిపి, గట్టిపడేలోపల చిన్న చిన్న పూసలు చేసి, ఉక్కు తీగకు గుచ్చి, చెక్కిన గుంతలో పెడతా. మందు కొంచెం కొంచెంగా ఊరతా, కావాల్సిన చోటే పని చేస్తుంది."

"ఎప్పటికీ లోపలే ఉంటాయా సారూ?"

"ఉండకూడదు. నెలన్నరకి మందు ఊరేది ఐపోతుంది. ఆ తర్వాత అవి ఉత్త రాళ్ళే. ఆ రాళ్ళమీదే పురుగు మళ్ళీ గూడు కడుతుంది. నేను చెప్పిన దినానికి వస్తే పూసలు తీసేసి, తుంటి ఎముకలోనుంచి తీసిన ముక్కలతో ఆ గుంత పూడుస్తా. అప్పటిదాకా ఆ కాలిమీద బరువు పెట్టకూడదు. ఎముక పెంకు మాదిరి పలచగా ఉంటుంది, అడుగేస్తే విరుగుతుంది."

అట్ట చెప్పి, అట్టే చేసినాడు. పది దినాలకే చీము నిలిచిపోయింది. రెండేండ్లు కారిన చిల్లు మూసుకునింది. ఆపొద్దు నేను ఆసుపత్రి వరండాలో కూర్చోని గట్టిగా ఏడ్చినా. దాచుకునేదేముంది, సంతోషంతో ఏడ్చినా. చంకకర్రలిచ్చి ఇంటికి పంపినారు. పంపేటప్పుడు తీసిన ఫోటో నా చేతికిచ్చినారు. అందులో ఎముక నడుమ పూసలన్నీ తెల్లగా, వరసగా, దండ మాదిరి కనబడతా ఉండాయి.

ఆ ఫోటోనే నా కొంప ముంచింది. నేను పనికి పోయినప్పుడు మా అత్త పెట్టెలోనుంచి దాన్ని తీసి ఓబయ్యకు సూపించింది. ఓబయ్య దాన్ని గుడి ముందర ఎండకు ఎత్తి పట్టుకున్నాడంట. "సూడండబ్బా, అమ్మ ఎముకలో దండ ఏసింది! ద్రౌపదమ్మే ఏసింది!" అన్నాడంట. అంతే. ఊరు ఊరంతా మా పంచలోకి వచ్చింది. ముక్కు మూసుకున్నోళ్ళంతా వచ్చి, ఆయన కాలికి దండం పెట్టి, పక్కన కూర్చోని ఆకూవక్కా ఏసుకున్నారు. మా అత్త అప్పుడు చెప్పేసింది, "నా కొడుకు కాలు బాగైతే వాడు గుండం తొక్కుతాడు తల్లీ" అని పోయినేడు మొక్కుకున్నానని. అమ్మ దండ ఏసిన కాలు గుండం తొక్కకపోతే ఊరికే అరిష్టం అని ఓబయ్య తేల్చేసినాడు. మా ఆయన ఒప్పుకున్నాడు. రెండేండ్లు కుక్కను ఇదిలించినట్టు ఇదిలించినోళ్ళు వచ్చి భుజం మీద చెయ్యేస్తే, ఏ మొగోడు ఒప్పుకోడు చెప్పండి? ఆయన మీద నాకు కోపమే గానీ, ఆ సంగతి నాకు తెలుసు.

మరసటి దినం మొదటి బస్సుకే తిరుపతికి పోయినా. డాక్టరు కాళ్ళో గడ్డమో పట్టుకోని ఇంగ పదిహేను దినాలు గడువడగదామని. ఆయన వార్డులో రోగుల్ని సూస్తా ఉండాడు. జరిగింది చెప్పినా. ఆయన మొగం ఎర్రబడింది.

"నిప్పులమీద నడుస్తాడా? లోపల బోలుగా ఉన్న ఎముకతోనా? నాలుగో అడుగుకి పటుక్కుమని విరిగి నిప్పుల్లోనే పడతాడు."

"గుండం తొక్కనీను సారూ. ఈ దినాలు గడిచేదాకా మాత్రం..."

"గడవకూడదమ్మా!" అని అరిచినాడు. వార్డంతా మా పక్కకు తిరిగి సూసింది. "ఆ సిమెంటు నాకు ఎట్ల దొరికిందో నీకు తెలుసా? పెద్ద ఊర్లలో ఆపరేషన్లలో మిగిలింది అడుక్కుని తెచ్చుకున్నా. నా చేత్తో ఒక్కొక్క పూస చేసినా. మందు ఇప్పటికే ఐపోయుంటుంది. ఇంకా ఉంచితే మళ్ళీ చీము పడుతుంది. పడితే ఈసారి చెక్కేదానికి ఆ కాల్లో ఎముక లేదు. మోకాలికి పైన తీసేస్తా. అప్పుడు నన్ను తిట్టుకోవద్దు."

ఆయన కరెక్టు. తిరుగు బస్సులో కిటికీ కాడ కూర్చోని, పుత్తూరు దాటినాక, ఎవురి మీద ఎంత కోపం పెట్టుకోవాలో పంచుకుంటా వచ్చినా. అందరికీ సరిపోయేంత ఉండాది నా కాడ.

ఊర్లో దిగేసరికి భారతం నడస్తా ఉండాది. గుడి ముందర చలవ పందిరి, జనం నిండుగా. చెప్పే ఆయన బల్లమీద కూర్చోని జూదం కథ చెప్తా ఉండాడు. ముందు వరసలో కంకణాలు కట్టుకున్న మొగోళ్ళు. వాళ్ళ నడుమ మా ఆయన, చంకకర్రలు పక్కన పడేసి, చాప మీద కాలు చాపుకోని. ఓబయ్య ఆయన పక్కనే. ఏం మర్యాద! పోయినేడు ఇదే పందిట్లో "దూరంగా కూర్చో" అన్న నోరే గదా అది.

నేను నేరుగా నడుమకు పోయి నిలబడినా. చెప్పే ఆయన ఆపినాడు. హార్మోనియం ఆగింది.

"ఓబయ్య మామా, ఈయన కంకణం ఇప్పండి," అన్నా. "గురువారం ఆసుపత్రికి తీసకపోవాల."

"ఏమ్మా తిరుమలమ్మా, భారతం నడుమ ఈ గోల ఏంది? కూర్చో."

"కూర్చోను. ఇప్పండి."

"కట్టిన కంకణం గుండం దాటేదాకా ఇప్పేది యాడన్నా ఉండాదా?" ఓబయ్య జనాన్ని సూస్తా అన్నాడు. "ఈ ఏడు వాన ల్యాక సేండ్లు ఎండతా ఉంటే, పొలిమేర దాటిపోతానంటే ఊరు ఊరుకుంటాదా? పైగా అమ్మ ఏసిన దండను తీయిస్తావా? అది పాపం కాదా?"

అప్పుడు నా కోపం కట్లు తెంచుకునింది.

"అమ్మ ఏసిందా? అమ్మా? తిరుపతిలో గంగాధరం డాక్టరు సిమెంటు పిసికి పూసలు చేసి గుచ్చినాడు! నేను సూసినా ఆ పూసను, నా అరచేతిలో పెట్టి సూపించినాడు! నీకు దండ కనబడితే చాలు, దండం పెట్టేస్తావు. ఆ కాల్లోనుంచి చీము కారేటప్పుడు యాడికి పోయింది మీ భక్తి? అప్పుడు అమ్మ కనపళ్ళా? మీ ముక్కులకు గుడ్డలు కనబడినాయి, మా ఇంటి దోవ తప్పించి పొయ్యే సందు కనబడింది! రెండేండ్లు ఆ కంపులో నేను తిన్నా, నేను పడుకున్నా. ఈ కాలిమీద మాట చెప్పే హక్కు నాది. మీ గుండంలో ఈయన కాలిరిగి పడితే మీరెత్తుకుంటారా? తీసేసిన కాలు మీరు తెచ్చిస్తారా?"

మా ఆయన, "గమ్మునుండవే! నా పరువు తీస్తావా అందరి ముందర?" అన్నాడు. "నేను తొక్కుతా. ఇరిగితే ఇరగనీ. రెండేండ్లకు నన్ను మనిషిగా పిలిచినారు."

"పిలిచినారు, ఎందుకు పిలవరు? నీ కాలు కాదు గదా వాళ్ళకు కావాల్సింది, ఆ ఫోటోలో దండ!" అన్నా. అని, ఎనక్కు తిరిగినా. ఆడోళ్ళ వరసలో మా అత్త కూర్చోని ఉండాది. ఆమె పక్కకు ఏలు సూపినా. "అసలు మొక్కింది ఎవురు? ఈయనా? ఈయన్ని ఒక్క మాటన్నా అడిగినావా అత్తా? మొక్కింది నువ్వు! నీ మొక్కు, ఈయన కాలు! ఇంకొకరి కాలిమీద మొక్కుకునేదానికి నీకు నోరెట్ట వచ్చింది? అంత భక్తి ఉంటే నీ కాళ్ళు పెట్టాల్సింది నిప్పుల్లో!"

మా అత్త తల దించుకోని కూర్చునింది. ఏడుస్తాదేమో, నన్ను శాపనార్థాలు పెడతాదేమో అనుకున్నా. తిట్టించుకునేదానికి సిద్ధంగానే ఉన్నా. ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టుకోని పైకి లేసింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. మెల్లగా నడుమకు వచ్చి ఓబయ్య ముందర కుడిచెయ్యి చాపింది.

"అది చెప్పింది నిజమే అబ్బా. మొక్కింది నేనే. వాని చేతిది ఇప్పి నాకు కట్టు. నేను తొక్కుతా."

ఓబయ్య నవ్వినట్టు చేసినాడు. "అక్కా, నీకేమన్నా మతి పోయిందా? మనూర్లో ఆడోళ్ళు గుండం తొక్కింది ఎప్పుడన్నా ఉండాదా?"

మా అత్త ఆయన్ని అట్టనే సూసింది. జీవితంలో ఓబయ్య ఎదురుగా తల ఎత్తిన మనిషి కాదు ఆమె.

"గుండంలో నుంచి పుట్టింది ఎవురప్పా?" అనింది. "గుండం ముందర నిలబెట్టి పూజ చేసేది ఎవురికి? ద్రౌపదమ్మ ఆడది కాదా?"

భారతం చెప్పే ఆయన బల్లమీదనే కూర్చోని "ఆ మాటకు జవాబు లేదు ఓబయ్యా" అన్నాడు. ఆడోళ్ళ వరసలో ఎవురో "కట్టండి" అన్నారు. మళ్ళా ఇంకొకరు అన్నారు. మొగోళ్ళు ఒకరి మొగాలు ఒకరు సూసుకున్నారు. ఓబయ్య పూజారిని పిలిచినాడు. పూజారి మా ఆయన కంకణం ఇప్పి, మంత్రం చదివి, మా అత్త ముడతలు పడిన చేతికి కట్టినాడు. మా ఆయన బిడ్డ మాదిరి ఏడ్చేసినాడు. నేను ఏడవలా. నాకు ఆమె మీద కోపం అప్పటికీ పోలా. ఇంత చేసేదానివి మొదటే చెయ్యొచ్చు గదా, నా నోరెందుకు పారేసుకోనిచ్చినావు అని ఇంకా మండతా ఉండాది.

గురువారం ఆసుపత్రికి పోయినాము. డాక్టరు కోసి, తీగ పట్టుకోని పూసలన్నీ తీసినాడు. చీము చుక్క లేదంట. తుంటి ఎముకలోనుంచి ముక్కలు తీసి గుంత పూడ్చి కుట్టినాడు. "ఇంక ఎముక కట్టుకోవాలి. ఈ కొన్ని వారాలూ పుండు లోపలికి మట్టి, మురికి ఏదీ పోకూడదు. ఏదీ అంటే ఏదీ" అని నా మొగంలో మొగం పెట్టి చెప్పినాడు. తిరునాళ్ళు కడా దినం మేము వార్డులోనే ఉన్నాము. ఆ మాపటికి మా ఆయన కండ్లు మూసుకోని "అమ్మ ఈ పాటికి తొక్కేసుంటాది" అన్నాడు. నేను "ఆ" అన్నా. గుండం దగ్గర ముసలామెను ఎవురన్నా చెయ్యి పట్టుకున్నారో లేదో అని ఆలోచిస్తా ఆయన దుప్పటి సర్దినా.

రెండు దినాలైనాక మా అత్త వచ్చింది. ఒక్కతే బస్సెక్కి, పుత్తూరులో మారి, తిరుపతిలో దిగి వచ్చింది. చేతిలో గుడ్డమూట. వార్డులోకి వచ్చీ రాగానే కొడుకు మంచం పక్కన కింద కూలబడింది.

"తొక్కినావా అమ్మా?" అన్నాడు మా ఆయన.

"తొక్కినా నాయనా. పూలమీద నడిచినట్టే ఉన్నింది," అనింది. మూట ఇప్పింది. లోపల గుండం బూడిద. చిటికెడు తీసి కొడుకు కాలి కట్టుమీదికి చెయ్యి చాపింది.

"అత్తా! చెయ్యి తీయ్!" అని అరిచినా నేను. "కట్టుమీద పెట్టబాకు! నుదుట పెట్టు, నోట్లో పెట్టు, ఆడ మాత్రం పెట్టబాకు! పూసలు పెట్టి రెండేండ్ల చీము నిలిపింది నీ బూడిద పోసేదానికా?"

ఆమె ఉలిక్కిపడి చెయ్యి ఎనక్కు తీసుకునింది. కొడుకు నుదుట పెట్టి, మళ్ళా కిందనే కూర్చునింది. అప్పుడే వార్డు తుడిచే ఆమె బకెట్టు ఎత్తుకోని వచ్చి, "లెయ్యి అవ్వా, నీళ్ళు పోస్తా" అనింది. మా అత్త లేయలా. ఇంకో రెండుసార్లు చెప్పినా లేయలా, చీర కుచ్చిళ్ళు కాళ్ళ కిందికి దోపుకుంటా ఉండాది. నీళ్ళు ఆమె చీరదాకా వచ్చినాయి. నాకు ఏందో అనుమానం వచ్చింది. వంగి ఆమె చీర అంచు పట్టుకోని లాగినా.

రెండు అరికాళ్ళకూ గుడ్డ పేలికలు చుట్టి ఉండాయి. మట్టికొట్టుకోని, తడిసి, పసుపు మరకలతో. ఒక పేలిక జరిపి సూసినా. బొబ్బలు పగిలి, చర్మం ఊడి, ఎర్రగా కండ. ఈ కాళ్ళతో బస్సులెక్కి దిగి వచ్చింది ఈ మనిషి.

నేను నోరు తెరిచేలోపల ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకునింది. నా చెవిలో, మంచం మీద కొడుక్కు ఇనబడకుండా చెప్పింది.

"వానికి చెప్పబాకు తల్లీ. మనసు శుద్ధంగా ఉంటే నిప్పు కాలదు అంటారు. నాకు కాలింది. నాలో ఏందో దోషముండాది. ఆ దోషం వాని కాలికి తగులుతాదేమో. వాడు లేచి నడిచేదాకా చెప్పబాకు. నీ కాళ్ళకు మొక్కుతా."

నా కోపం ఎట్ట చెప్పేది? ఓబయ్య మీద, ఆ గుండం మీద, ఆ మాట కనిపెట్టిన వాడెవుడో వాడి మీద, అందరిమీదా ఒకేసారి లేచింది. "దోషం నీలో లేదు అత్తా," అన్నా, ఆమె చెవిలోనే, పండ్లు కొరుకుతా. "నిప్పు కాలస్తాది. అంతే. దోషమంతా నీకు అట్ట చెప్పినోళ్ళది. ఈ కాళ్ళకు చీము పడితే ఏం చేస్తావు? మళ్ళా నేనే గుడ్డలు ఉతకాల్నా? ఉతుకుతాలే, ఉతుకుతా. నువ్వు సచ్చేదాకా ఉతుకుతా. కానీ ఎందుకు పడాల?" అని తిడతా తిడతానే ఆమె కాళ్ళు రెండూ నా ఒళ్ళోకి ఎత్తుకున్నా.

అంతలో డాక్టరు వచ్చినాడు, నర్సు ఎనకాల. నా ఒళ్ళో ఉండే కాళ్ళు సూసి ఆగినాడు.

"ఇదేంది? ఎట్ల కాలిందమ్మా?"

మా అత్త కొడుకు పక్కకు సూసింది. మంచం మీదనుంచి మా ఆయన మోచేతి మీద లేసి కిందికి తొంగి సూస్తా ఉండాడు. ఊరంతటి ముందర ఎవురికీ భయపడకుండా నిజం అరిచినదాన్ని నేను.

"రాగిసంగటి దించతా, జారి పొయ్యిలో కాలు పెట్టేసింది సారూ," అన్నా.

రెండు కాళ్ళూ, నిండు అరికాళ్ళూ పొయ్యిలో పెట్టే ఆడది యాడన్నా ఉండాదా? డాక్టరు నన్ను సూసినాడు. ఆమె చేతికుండే పసుపు దారం సూసినాడు. కిందనే మోకాళ్ళమీద కూర్చోని, పేలికలు తానే ఇప్పి, నర్సును మందూ గుడ్డలూ తెమ్మన్నాడు.

మా ఆయన మాత్రం నమ్మేసినాడు. "అంత పెద్ద గుండం తొక్కి వచ్చినావు, ఇంట్లో పొయ్యి కాడ సూసుకోని నిలబడేది రాదా అమ్మా నీకు?" అని కసిరినాడు.

"లేదు నాయనా, సూసుకోలా," అనింది మా అత్త, తప్పు చేసిన పిల్ల మాదిరి తల ఊపతా.

నాకు లేసి వాని చెంప పగలగొట్టాలనిపించింది. ఆమె కాళ్ళు ఒళ్ళో ఉండాయని గమ్మున కూర్చున్నా.